మన కోతులు, వాళ్ల బాంబు

అణ్వాయుధ చరిత్రలో భారతదేశం పేరు 1974 మే 18న పోఖ్రాన్‌లో మొదలైందని మనం చదువుకున్నాం. రక్షణ వ్యవహారాలు రాసే నాలాంటి వాళ్లం కూడా అక్కడి నుంచే లెక్కపెడతాం. కానీ మన దేశపు ప్రాణులు అంతకు ముందే ఆ చరిత్రలోకి వెళ్లాయి. గుళ్ల చుట్టూ, రైల్వే స్టేషన్లలో తిరిగే ఎర్రమూతి కోతులే అవి. శాస్త్రవేత్తలు వాటిని రీసస్ కోతులంటారు. పోలియో టీకా కోసం, వైద్య పరిశోధన కోసం అని వాటిని పెట్టెల్లో పెట్టి అమెరికాకు పంపాం. అందులో కొన్ని న్యూట్రాన్ బాంబు లెక్కలు తేల్చే ప్రయోగశాలకు చేరాయి. సంగతి బయటపడ్డాక మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978 ఏప్రిల్ 1 నుంచి కోతుల ఎగుమతిని పూర్తిగా ఆపేసింది.

ఈ నిషేధాన్ని చాలామంది జీవకారుణ్యం ఖాతాలో వేస్తారు. మొరార్జీ స్వభావం తెలిసినవాళ్లకు అలా అనిపించడం సహజం. నేను మాత్రం దాన్ని జాతీయ భద్రతకు సంబంధించిన ఉదంతంగానే చూస్తాను. షరతు పెట్టి ఇచ్చిన వస్తువును తీసుకున్న దేశం ఆయుధ పరిశోధనకు మళ్లిస్తే, ఇచ్చిన దేశం ఏం చేయగలదు? ఆ ప్రశ్న కోతులతో పోలేదు. నేను ఈ శీర్షిక రాస్తున్న రాయ్‌పూర్‌లో అది వరి విత్తనాల రూపంలో మళ్లీ తలెత్తింది.

పందులకు సైనిక దుస్తులు

అణుబాంబు మనిషిని ఎన్ని రకాలుగా చంపుతుంది? పేలుడు ఒత్తిడి ఎంత, వేడి ఎంత, రేడియేషన్ ఎంత? 1945లో హిరోషిమా, నాగసాకి తర్వాత సైన్యాలకు కావలసింది ఈ లెక్కే. దానికి మొదటి సాక్షులు అనుకోకుండా దొరికాయి. 1945 జులై 16న న్యూమెక్సికోలో జరిగిన తొలి పరీక్ష తర్వాత చుట్టుపక్కల మేస్తున్న పశువుల వీపుల మీద రేడియోధార్మిక ధూళి పడింది. అక్కడ చర్మం కాలింది, వెంట్రుకలు ఊడిపోయి తర్వాత తెల్లగా మొలిచాయి. వాటిలో కొన్నింటిని ప్రభుత్వమే కొనుక్కుని పరిశీలనకు తీసుకుపోయింది.

మరుసటి ఏడాది నుంచి జంతువులను కావాలనే పెట్టడం మొదలైంది. 1946 జులైలో పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా రెండు బాంబులు పేల్చింది. జులై 1న జరిగిన మొదటి పేలుడుకు 22 నౌకల మీద 176 మేకలు, 146 పందులు, 57 గినీ పందులు, 109 చిట్టెలుకలు, 3,030 తెల్ల ఎలుకలను ఉంచారు. నావికులు నిలబడే చోట్ల వీటిని కట్టేశారు. అందులో 10 శాతం పేలుడు ఒత్తిడికి, 15 శాతం రేడియేషన్‌కు చనిపోయాయి. మరో 10 శాతాన్ని తర్వాతి పరిశీలనల్లో చంపారు. మునిగిపోయిన ఒక జపాన్ నౌక నుంచి 311 నంబరు పంది సముద్రంలో ఈదుతూ దొరికిందని అప్పట్లో పెద్ద వార్త. దాన్ని వాషింగ్టన్ జూలో పెట్టి జనానికి చూపించారు.

తర్వాత నెవాడా ఎడారి వంతు వచ్చింది. 1957 నాటి పరీక్షల కోసం 1,200 దాకా పందులను తెచ్చారు. పంది చర్మం మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది. అందుకే రకరకాల సైనిక దుస్తుల బట్టను పందులకు తొడిగి, ఏ బట్ట ఎంత వేడిని ఆపుతుందో చూశారు. రీసస్ కోతులు కూడా ఆ ఎడారి చూశాయి. సోవియట్ యూనియన్ కూడా 1949 నాటి తొలి పరీక్షలోనే సెమీపలాటిన్స్క్ మైదానంలో జంతువులను పెట్టింది.

ఈ లెక్కల పుస్తకంలో జంతువు పక్కన మనిషి ఎప్పుడూ ఉన్నాడు. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు బూడిద రోంగెలాప్ దీవి జనం మీద పడింది. వాళ్లను ఏళ్ల తరబడి పరీక్షించారు. ఈ దీవివాసులు పాశ్చాత్యుల మాదిరి నాగరికులు కాకపోయినా ఎలుకల కంటే మనకు దగ్గరివారే అనే అర్థం వచ్చే మాట 1956లో అమెరికా అణుశక్తి సంఘం సమావేశంలో ఒక అధికారి అన్నారు. సెమీపలాటిన్స్క్‌లో 1957లో రేడియేషన్ బాధితులను రహస్యంగా పరిశీలించే కేంద్రం తెరిచి, దానికి పశువుల జబ్బు బ్రూసెల్లోసిస్ నివారణ కేంద్రమని పేరు పెట్టారు. జంతువును చూడటం అలవాటైన కళ్లు మనిషినీ అలాగే చూడటం నేర్చుకుంటాయి.

చక్రంలో కోతి

మేక, పంది, ఎలుక ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేవు. రేడియేషన్ తగిలిన సైనికుడు ఎంతసేపు పని చేయగలడు? టాంకు నడపగలడా, గురిచూసి కాల్చగలడా? నేర్పితే పని నేర్చుకుని, చెప్పినప్పుడు చేసే జంతువు కావాలి. దానికి కోతిని ఎంచుకున్నారు.

న్యూట్రాన్ బాంబు ఆలోచన 1958లో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కోహెన్‌ది. పేలుడు, వేడి తగ్గించి న్యూట్రాన్ల ధారను పెంచిన చిన్న హైడ్రోజన్ బాంబు ఇది. న్యూట్రాన్లు టాంకు ఉక్కు కవచాన్ని దాటి లోపలి మనిషిని చేరతాయి. ఐరోపాలో సోవియట్ టాంకుల దండును ఆపడానికి దీన్ని అనుకున్నారు. అయితే ఒక చిక్కుంది. ప్రాణాంతకమైన మోతాదు తగిలిన మనిషి వెంటనే చనిపోడు. కొన్ని గంటలో, కొన్ని రోజులో బతుకుతాడు. చావు ఖాయమని తెలిసిన టాంకు సిబ్బంది ఆ గంటల్లో పోరాడుతూనే ఉంటే బాంబు వేసిన ప్రయోజనం ఏముంది? ఎంత మోతాదు ఇస్తే నిమిషాల్లో కుప్పకూలతారో తేల్చాలి.

వాషింగ్టన్ పక్కనే బెథెస్డాలో 1961లో ఏర్పడిన సైనిక రేడియోబయాలజీ పరిశోధన సంస్థ ఈ పనికి పూనుకుంది. ఆ సంస్థకు సొంత అణు రియాక్టరు ఉంది. రీసస్ కోతులకు చక్రంలో పరుగెత్తడం నేర్పారు. ఆగితే కరెంటు షాకు కొట్టేది. తర్వాత మనిషిని చంపే మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చి మళ్లీ చక్రంలో వదిలారు. కోతి ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు కాస్త తేరుకుంది, మళ్లీ ఎంతసేపు పరుగెత్తింది, ఎప్పుడు చనిపోయింది అని రాసుకున్నారు. ఆ పట్టికల్లో కోతి గడిలో మనిషిని ఊహించుకుని యుద్ధ ప్రణాళికలు వేశారు.

టెక్సస్‌లోని బ్రూక్స్ వైమానిక స్థావరంలోనూ ఇలాంటి పనే జరిగింది. అక్కడ కోతులకు విమానం కుదుపులను తట్టుకుని కుర్చీని నిలకడగా ఉంచడం నేర్పి, తర్వాత రేడియేషన్ ఇచ్చేవారు. అక్కడ పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ బార్న్స్ 1980లో ఆ పని మానుకుని జంతు హక్కుల ఉద్యమంలో చేరారు.

షరతు ఉంది, తనిఖీ లేదు

1950లలో రీసస్ కోతికి ప్రపంచమంతా గిరాకీ ఏర్పడింది. జోనాస్ సాల్క్ పోలియో టీకాకు కోతి మూత్రపిండాల కణాలే ఆధారం. 1950ల చివర్లో మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా కోతులు వెళ్లేవి. ఎక్కువగా ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పట్టేవారు. ప్రయాణంలో చచ్చేవి చచ్చేవి. 1955లో లండన్ విమానాశ్రయంలో వందల కోతులు ఊపిరాడక చనిపోయాక మన ప్రభుత్వం కొంతకాలం ఎగుమతి ఆపింది. తర్వాత అమెరికాతో ఒక అవగాహనకు వచ్చి మళ్లీ అనుమతించింది. కోతులను టీకా తయారీకి, వైద్య పరిశోధనకు మాత్రమే వాడాలి, మానవీయంగా చూడాలి. అదీ షరతు.

ఆ షరతు అమలవుతోందా లేదా అని మనవాళ్లు ఎవరూ అమెరికా ప్రయోగశాలలకు వెళ్లి చూడలేదు. చూసే హక్కు ఒప్పందంలో లేదు. కోతి విమానం ఎక్కాక ధ్రువపత్రమే దిక్కు. ఇరవై ఏళ్ల తర్వాత సంగతి బయటపెట్టింది మన నిఘా సంస్థలు కావు, దౌత్యవేత్తలు కూడా కాదు. షర్లీ మెక్‌గ్రీల్ 1973లో స్థాపించిన అంతర్జాతీయ వానర రక్షణ సంఘం ఆ పని చేసింది. 1977 వేసవిలో న్యూట్రాన్ బాంబు అమెరికా పత్రికల్లో పెద్ద రచ్చ అయింది. అదే సమయంలో ఆ సంఘం బెథెస్డా ప్రయోగాల వివరాలను భారత ప్రభుత్వం ముందు, పత్రికల ముందు పెట్టింది. ఆ డిసెంబరులో మొరార్జీ ప్రభుత్వం నిషేధాన్ని ప్రకటించింది.

ఇందులో మనకు రక్షణ పాఠం సూటిగా ఉంది. అవి దొంగచాటు ప్రయోగాలు కావు. ఆ సంస్థ తన ఫలితాలను నివేదికలుగా అచ్చువేసింది. చదివే ఓపిక ఉన్నవాళ్లు చదివారు. మన దగ్గర ఆ పని ఎవరి ఉద్యోగమూ కాలేదు.

కోతికి ముందు భారజలం

అప్పటి దౌత్యాన్ని గుర్తు చేసుకుంటే ఈ కథకు ఇంకో పార్శ్వం కనిపిస్తుంది. మొరార్జీ నిషేధం ప్రకటించిన కొద్ది వారాలకే, 1978 జనవరి మొదట్లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఢిల్లీ వచ్చారు. తారాపూర్‌కు ఇంధనం ఇవ్వాలా వద్దా అన్నది ప్రధాన వివాదం. మన అణు కేంద్రాలన్నిటినీ అంతర్జాతీయ తనిఖీకి తెరవాలని ఆయన పట్టు. కుదరదని మొరార్జీ పట్టు. మార్చి 10న కార్టర్ అణు వ్యాప్తి నిరోధక చట్టం మీద సంతకం చేశారు. మూడు వారాలకు కోతుల ఎగుమతి నిషేధం అమల్లోకి వచ్చింది. ఒకదానికి మరొకటి ప్రతీకారమని నేను అనడం లేదు. కానీ రెండింటి వెనకా ఉన్న ఫిర్యాదు ఒకటే.

1974 పోఖ్రాన్ పరీక్షకు ప్లుటోనియం సైరస్ రియాక్టరు నుంచి వచ్చింది. రియాక్టరు కెనడా ఇచ్చింది, భారజలం అమెరికా ఇచ్చింది. రెండూ శాంతియుత ప్రయోజనాలకే వాడతామని మన మాట. ఆ ఒప్పందాల్లో మాట ఉంది, తనిఖీ లేదు. పోఖ్రాన్ శాంతియుత పేలుడేనని మనం వాదించాం. కోతుల ప్రయోగాలు వైద్య పరిశోధనే కదా అనడం కూడా ఆ కోవలోని వాదనే. రేడియేషన్ తగిలిన ప్రాణికి ఏమవుతుందో తెలుసుకోవడం వైద్యమా, ఆయుధ పరిశోధనా? పేలుడు కాలువ తవ్వడానికా, బాంబుకా? పదాన్ని సాగదీయగలిగినంత కాలం షరతు సాగుతూనే ఉంటుంది.

అమెరికా ఆ పాఠం త్వరగా నేర్చుకుంది. 2009 జులైలో హిల్లరీ క్లింటన్ ఢిల్లీ వచ్చినప్పుడు, మనకు అమ్మే ఆయుధాలను ఎలా వాడుతున్నామో తనిఖీ చేసుకునే ఏర్పాటు మీద రెండు దేశాలు ఒక అవగాహనకు వచ్చాయి. మన ఆయుధాగారంలోని వాళ్ల పరికరాన్ని వాళ్లు వచ్చి చూసుకోవచ్చు. మనం పంపిన కోతి ఎక్కడుందని మనం ఒక్కనాడూ అడిగి చూసుకోలేకపోయాం.

ఢాకా నేర్చిన పాఠం

మన తలుపు మూసుకోగానే కొనేవాళ్లు పొరుగింటికి వెళ్లారు. అమెరికాకు చెందిన మోల్ అనే కంపెనీ 1977లోనే బంగ్లాదేశ్‌తో పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. 1979 జనవరిలో బంగ్లాదేశ్ దాన్ని రద్దు చేసింది. తమ కోతులు రేడియేషన్ ప్రయోగాలకు పోతున్నాయన్నది అక్కడ కూడా వివాదమైంది. కంపెనీ నష్టపరిహారం కోసం అమెరికా కోర్టుకెక్కింది. 1984లో అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. తన సహజ వనరును ఎగుమతి చేయడానికి అనుమతి ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం సార్వభౌమ దేశం చేసే పని, దాన్ని మామూలు వ్యాపారంలా విచారించలేమని చెప్పింది. చిన్న దేశాలకు ఇది పెద్ద ఊరట. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు సార్వభౌమాధికారంలో భాగమని అమెరికా కోర్టే ఒప్పుకుంది.

అమెరికా కూడా ఊరుకోలేదు. సొంతంగా కోతులను పెంచుకోవడం మొదలుపెట్టింది. 1979 నుంచి దక్షిణ కరోలినాలోని మోర్గన్ దీవిలో పెరుగుతున్న రీసస్ మంద అలా వచ్చిందే. మన దగ్గర కూడా మార్పు కనిపించింది. అలీగఢ్ ప్రాంతంలో 1959 నుంచి కోతులను లెక్కిస్తూ వచ్చిన చార్లెస్ సౌత్‌విక్, సిద్దీఖీ బృందం ముందు ఏళ్లలో తగ్గుదల చూసింది, నిషేధం తర్వాత మళ్లీ పెరుగుదల చూసింది.

రాయ్‌పూర్ నుంచి చూస్తే

గోదావరి ఒకప్పుడు రెండు జాతుల కోతులకు సరిహద్దు. దక్షిణాన తలమీద జుట్టు టోపీలా ఉండే పొడుగు తోక కోతి, ఉత్తరాన పొట్టి తోక రీసస్. ఛత్తీస్‌గఢ్ రీసస్ రాజ్యం. రైల్వే ఉద్యోగాలతో, భిలాయి ఉక్కు కర్మాగారంతో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. వాళ్ల డాబాల మీద వాటర్ ట్యాంకు మూతలు తీసే కోతులను చూసి "వీటిని ఎవరైనా పట్టుకుపోతే బాగుండు" అనే మాట నేను తరచూ వింటాను. తెలంగాణలో మొక్కజొన్న రైతు కూడా ఇదే అంటాడు. అతని కష్టం అబద్ధం కాదు. 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ రీసస్‌ను రక్షిత జాబితా నుంచి తొలగించడానికి కూడా ఇలాంటి ఒత్తిడే నేపథ్యం.

ఈ నగరానికి రేడియేషన్‌తో ఇంకో రకమైన బంధం ఉంది. ఇక్కడి ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం, ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం కలిసి సంప్రదాయ వరి రకాల మీద గామా కిరణాలు ప్రసరింపజేసి కొత్త వంగడాలు తీశాయి. సువాసన ఉన్నా పొడుగ్గా పెరిగి పడిపోయే దుబ్‌రాజ్ వరిని పొట్టిగా, త్వరగా కోతకొచ్చేలా మార్చారు. నెవాడాలో పందిని కాల్చిన శాస్త్రమే ఇక్కడ రైతు కంచంలోకి అన్నమై వచ్చింది.

ఆ విశ్వవిద్యాలయం దగ్గరే ఆర్.హెచ్. రిచారియా ఊరూరా తిరిగి సేకరించిన వరి రకాల నిధి ఉంది. 19 వేలకు పైగా రకాలు. 2002లో ఈ నిధి విషయంలో సింజెంటా అనే విదేశీ విత్తన కంపెనీతో ఒప్పందం కుదరబోతే రైతు సంఘాలు, శాస్త్రవేత్తలు అడ్డుపడ్డారు. ఆ ఒప్పందం ఆగిపోయింది. ఏం ఇస్తున్నాం, ఎందుకిస్తున్నాం, ఇచ్చాక ఎవరు చూస్తారు అని ఇవ్వకముందే అడిగారు. కోతుల విషయంలో 1955లో ఢిల్లీ అడగని ప్రశ్న 2002లో రాయ్‌పూర్ అడిగింది.

ఇప్పుడేం చేయాలి

జంతువుల మీద రేడియేషన్ పరిశోధన అంతా పాపమే అని కొట్టేయడం తేలిక. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము దుకాణాల్లో కోబాల్ట్-60 బయటపడి ఒకరు చనిపోయినప్పుడు వైద్యులకు చికిత్స తెలిసిందంటే, దాని వెనక దశాబ్దాల జంతు ప్రయోగాలు కూడా ఉన్నాయి. రేడియేషన్ వల్ల ఎముక మజ్జ దెబ్బతిన్నవారికి ఫిల్‌గ్రాస్టిమ్ మందు వాడటానికి అమెరికా 2015లో అనుమతించింది. మనుషులకు రేడియేషన్ ఇచ్చి పరీక్షించలేరు కాబట్టి ఆధారం రీసస్ కోతుల ఫలితాలే. మన రక్షణ పరిశోధన సంస్థకు ఢిల్లీలో ఇదే పనికి అణు వైద్య ప్రయోగశాల ఉంది. మనం 1963 పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందంలో చేరాం. మన ఆరు అణు పేలుళ్లూ భూగర్భంలోనే జరిగాయి. ఆకాశం కింద జంతువులను వరుసగా కట్టేసే పరిస్థితి మనకు రాలేదు. దానికి సంతోషించాలి.

అయినా ఒత్తిడి మళ్లీ వస్తుంది. 2020లో చైనా ప్రయోగశాలల కోతుల ఎగుమతి ఆపేశాక ప్రపంచ మార్కెట్లో కొరత ఏర్పడింది. 2023లో శ్రీలంక తన పంటలు పాడుచేస్తున్న కోతులను లక్ష దాకా చైనాకు పంపే ఆలోచన చేసి, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. పంట నష్టపోయిన రైతు కోపం, విదేశీ మారకం ఆశ కలిస్తే మన దగ్గరా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు.

అప్పుడు గుర్తుంచుకోవలసినవి మూడు. ఒకటి, 1978 నిషేధాన్ని కదిలించకూడదు. పంటలను కాపాడటానికి కోతుల సంతాన నియంత్రణ, అడవుల్లో పండ్ల చెట్ల పెంపకం మన చేతిలోని పనులు. రెండు, ప్రాణి అయినా, విత్తనమైనా, మన జనం జన్యు సమాచారమైనా దేశం దాటితే దాన్ని ఎలా వాడుతున్నారో వెళ్లి చూసే హక్కు ఒప్పందంలోనే రాసుకోవాలి. ఆయుధాల విషయంలో అమెరికా మనల్ని అడిగినంత సూటిగా మనమూ అడగాలి. మూడు, విదేశీ రక్షణ ప్రయోగశాలలు బహిరంగంగా వెలువరించే నివేదికలను క్రమం తప్పకుండా చదివి ప్రభుత్వానికి చెప్పే బాధ్యతను ఒక శాఖకు అప్పగించాలి. ఆ పని 1970లలో ఒక స్వచ్ఛంద సంఘం చేసి పెట్టింది. ప్రతిసారీ అలాంటి సంఘం దొరుకుతుందన్న భరోసా లేదు.

రీసస్ కోతుల ఎగుమతికి ఇరవై ఏళ్లకు పైగా మన దగ్గర ఉన్న రక్షణ ఒక హామీ పత్రం. దాన్ని చక్రంలో పరుగెత్తించి చూస్తే ఎంతసేపు నిలబడిందో బెథెస్డా పట్టికల్లో ఉంది.